సెయింట్ పీటర్స్‌బర్గ్ మ్యూజియంలు: ఏది ముందు, ఏది తర్వాత, ఎంతసేపు

సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్తున్నామంటే చాలు, "హెర్మిటేజ్ మాత్రం వదలొద్దు" అంటారు అందరూ. వదలొద్దు, నిజమే. కాకపోతే మొదట అక్కడికి వెళ్ళకండి. హెర్మిటేజ్ చిత్రాల్లో ఎక్కువ భాగం రష్యా రాజులు, ధనవంతులు యూరప్ నుంచి కొని తెచ్చుకున్నవి. రష్యన్లు తమ గురించి తాము గీసుకున్న చిత్రాలు అక్కడికి ఇరవై నిమిషాల నడక దూరంలో, రష్యన్ మ్యూజియంలో ఉన్నాయి. ముందు అది చూడండి, కాళ్ళలో ఓపిక ఉండగానే. హెర్మిటేజ్‌లో రోజంతా తిరిగి మర్నాడు ఇక్కడికి వచ్చినవాళ్ళు రష్యన్ చిత్రకారుడు రేపిన్ చిత్రాల ముందు బెంచీ కోసం వెతుక్కుంటారు, చిత్రం కోసం కాదు.

నాలుగు రోజులు చేతిలో ఉన్నాయనుకుని చెబుతున్నాను. తక్కువుంటే ఏది కోసేయాలో కూడా మధ్యలో చెబుతాను.

బయల్దేరే ముందు

భారతీయులకు రష్యా ఈ-వీసా ఇస్తోంది. రష్యా విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 4 రోజుల ముందు పెట్టమంటారు గానీ మీరు రెండు వారాల ముందే పెట్టేయండి. మనవాళ్ళకు చిక్కు వచ్చేది పేర్ల దగ్గర. ఇంటిపేరు ఏ గడిలో ఉంది, అసలు పేరు ఏ గడిలో ఉంది అన్నది పాస్‌పోర్టు తెరిచి పెట్టుకుని, అక్షరం పొల్లుపోకుండా నింపండి. పొడి అక్షరాలతో సరిపెట్టకండి. ఈ-వీసా అన్ని సరిహద్దుల దగ్గరా చెల్లదు. నగర విమానాశ్రయం పుల్కొవోలో చెల్లుతుంది. మాస్కోలో దిగేవాళ్ళకు సప్సాన్ రైలుంది, నాలుగు గంటల ప్రయాణం.

డబ్బు సంగతి ఇంకా ముఖ్యం. రష్యా బయట ఇచ్చిన వీసా, మాస్టర్‌కార్డ్ బ్యాంకు కార్డులు 2022 మార్చి నుంచి అక్కడ పనిచేయడం లేదు. అందుకని డాలర్లో యూరోలో నోట్లుగా పట్టుకెళ్ళాలి. మడతలు, గీతలు, సిరా మరకలు లేని కొత్త నోట్లు తీసుకోండి, పాతవాటిని బ్యాంకుల్లో వెనక్కి తోస్తారు. మార్పిడి బ్యాంకులోనే చేయించుకోండి. వీధిలో ఎవరైనా మంచి రేటిస్తానంటే వినకుండా నడిచిపోండి.

కార్డు చెల్లకపోవడంతో మ్యూజియం టికెట్లు ఇంటి దగ్గర నుంచి ఆన్‌లైన్‌లో కొనడం కుదరదు. దీనికి దారి ఉంది. రష్యాలో మెడిసిన్ చదువుతున్న తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. బంధువుల్లోనో స్నేహితుల్లోనో అలాంటివాళ్ళు ఒకరు తగలకపోరు. వాళ్ళ దగ్గర రష్యన్ బ్యాంకు కార్డు ఉంటుంది, కొనిపెట్టమని అడగండి. లేదా బస చేసే హోటల్‌వాళ్ళను అడగండి. రెండూ కుదరకపోతే వెళ్ళి కౌంటర్‌లో నగదిచ్చి కొనుక్కోవడమే. చలికాలంలో ఇది పెద్ద కష్టం కాదు, జూన్, జూలైలలో మాత్రం వరసలో నిలబడాలి. హెర్మిటేజ్ టికెట్ మీద లోపలికి వెళ్ళాల్సిన వేళ కూడా ఉంటుంది, అది దాటనివ్వకండి. మీరే విద్యార్థులైతే కాలేజీ గుర్తింపు కార్డు వెంట ఉంచుకుని రాయితీ అడగండి.

ఫోన్ ఇంటర్నెట్ మీద మొత్తం భారం వేయకండి. నగరం మ్యాపు, రష్యన్ అనువాద యాప్ రెండూ నెట్ లేకున్నా పనిచేసేలా ఇక్కడే దించుకోండి. హోటల్ చిరునామా రష్యన్ లిపిలో రాసిన కాగితం జేబులో ఉండాలి.

ఏ కాలం? మే చివర నుంచి జూలై సగం దాకా రాత్రిళ్ళు సరిగ్గా చీకటి పడదు. వాటినే తెల్ల రాత్రులంటారు. నగరం చూడ్డానికి అంతకంటే మంచి కాలం లేదు, చిత్రాలు చూడ్డానికి అంతకంటే చెడ్డ కాలమూ లేదు, అంత జనం. నన్నడిగితే ఫిబ్రవరి, మార్చి. బయట మంచు, లోపల వెచ్చదనం, గదుల్లో పలచగా మనుషులు. డిసెంబరులో పగటి వెలుతురు 6 గంటలే ఉంటుంది. జనవరి మొదటి వారం వాళ్ళకు కొత్త సంవత్సరం సెలవులు, మ్యూజియంలన్నీ కిటకిటలాడతాయి.

రోజులు పంచుకోవడం

హెర్మిటేజ్‌కు సోమవారం సెలవు. రష్యన్ మ్యూజియానికి మంగళవారం సెలవు. ఈ రెండూ తెలియక వచ్చి గేటు ముందు ఫొటో దిగి వెనక్కి వెళ్ళేవాళ్ళు ప్రతి వారం కనబడతారు. రష్యన్ మ్యూజియం గురువారం మధ్యాహ్నం 1 గంటకు తెరిచి రాత్రి 9 దాకా ఉంచుతుంది. హెర్మిటేజ్ బుధ, శుక్ర, శనివారాల్లో రాత్రి 8 దాకా, మిగతా రోజుల్లో సాయంత్రం 6 దాకా ఉంటుంది. టికెట్ కౌంటర్లు గంట ముందే మూసేస్తారు. పండగలకూ ప్రత్యేక రోజులకూ ఈ వేళలు మారుతుంటాయి, ముందు రోజు రాత్రి ఆ మ్యూజియం వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

దీన్నిబట్టి నా లెక్క ఇది. గురువారం మధ్యాహ్నం నుంచి రష్యన్ మ్యూజియం. శుక్రవారం మూడు దాటాక హెర్మిటేజ్ ప్రధాన భవనాలు, ఎందుకంటే బస్సుల్లో వచ్చిన గుంపులు అప్పటికి పలచబడతాయి. శనివారం హెర్మిటేజ్‌కే చెందిన జనరల్ స్టాఫ్ భవనం. ఆదివారం ఊరి బయట రేపిన్ ఇల్లు. ఒక్కరోజే ఉందంటారా? పగలు రష్యన్ మ్యూజియం, సాయంత్రం హెర్మిటేజ్‌లో రెండు గంటలు. ఇంటికొచ్చాక "హెర్మిటేజ్ చూశావా" అని అడిగేవాళ్ళకు జవాబు ఉండాలి కదా.

గుమ్మం దగ్గర

చలికాలంలో కోటు వేసుకుని గదుల్లోకి వెళ్ళనివ్వరు. 'గర్దెరోబ్' అనే చోట కోటు, పెద్ద సంచి ఇచ్చేస్తే నంబరు బిళ్ళ ఇస్తారు. దానికి డబ్బులుండవు. వెళ్ళేముందు మీ కోటు మెడ లోపలి వైపు తగిలించే గుడ్డ ఉంగరం ఉందో లేదో చూసుకోండి, లేకపోతే కుట్టించుకోండి. అది లేని కోటు తెచ్చినవాళ్ళను అక్కడి పెద్దావిడలు మందలించకుండా వదలరు. భాష రాకపోయినా తిట్టు అర్థమవుతుంది.

గదికొకరు చొప్పున కుర్చీల్లో కూర్చుని ఉండేది కూడా ఎక్కువగా వయసు మళ్ళిన ఆడవాళ్ళే. చిత్రానికి మరీ దగ్గరగా వెళ్తే గట్టిగా చెబుతారు. దారి తప్పితే వాళ్ళనే అడగండి. ఫోన్‌లో చిత్రం చూపించి "గ్ద్యే?" అంటే చాలు, చేత్తో దారి చూపిస్తారు. ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోవచ్చు. గదుల్లో తినడం, తాగడం కుదరదు. టికెట్ కౌంటర్ 'కాస్సా', లోపలికి 'వ్ఖోద్', బయటికి 'వీఖద్'. మరుగుదొడ్డి తలుపు మీద ఇంగ్లీషు ఎమ్ లాంటి అక్షరం ఉంటే మగవాళ్ళది, ఆరు కాళ్ళున్నట్టుండే అక్షరం ఆడవాళ్ళది. పైకెక్కే ముందే ఆ పని చూసుకోండి.

ఇంకొకటి. రష్యాలో మొదటి అంతస్తు అంటే మన గ్రౌండ్ ఫ్లోర్. మ్యాపులో 'రెండు' అని ఉంటే ఒక్క మెట్ల వరసే ఎక్కాలి.

రష్యన్ మ్యూజియం

నెవ్‌స్కీ ప్రాస్పెక్ట్ మెట్రో స్టేషన్‌లో దిగి కళల కూడలి వైపు నడిస్తే, పుష్కిన్ విగ్రహం వెనక పసుపు రంగు భవనం కనిపిస్తుంది. మిఖైలోవ్‌స్కీ ప్యాలెస్ అది. కార్లో రోసీ కట్టాడు, 1825లో పూర్తయింది. రష్యా రాజు రెండో నికొలాయ్ ఆజ్ఞతో 1895లో మ్యూజియం ఏర్పడి, 1898లో జనానికి తలుపులు తెరిచింది. కనీసం నాలుగు గంటలు పెట్టుకోండి.

పెద్ద మెట్లెక్కి ఐకాన్ల గదులతో, అంటే చెక్క మీద గీసిన దైవచిత్రాలతో మొదలుపెట్టండి. 12వ శతాబ్దపు 'బంగారు జుట్టు దేవదూత' చిన్నదే, అడుగున్నర ఎత్తున్న చెక్క పలక. ఆ పెద్ద కళ్ళు పక్కకు చూస్తుంటాయి, మనవైపు కాదు. ఇక్కడ పది నిమిషాలు నిలబడితే తర్వాత వచ్చే రాజుల కాలపు నిలువెత్తు బొమ్మల మధ్య గబగబా నడిచిపోయినా నష్టం లేదు. పద్దెనిమిదో శతాబ్దం పట్టుబట్టలు, పతకాలు నాకెప్పుడూ విసుగే.

తర్వాత ఆగాల్సింది బ్రియుల్లోవ్ 'పాంపే ఆఖరి రోజు' దగ్గర. 1830 నుంచి 1833 దాకా ఇటలీలో గీశాడు. ఎత్తు నాలుగున్నర మీటర్లు, వెడల్పు ఆరున్నర. ముందు ఎదుటి గోడదాకా వెనక్కి వెళ్ళి మొత్తం చూడండి, తర్వాత దగ్గరికి రండి. ఎడమవైపు గుంపులో రంగుల పెట్టె నెత్తిన పెట్టుకుని పారిపోతున్నవాడు కనిపిస్తాడు. అది చిత్రకారుడే, తనను తాను అందులో పెట్టుకున్నాడు. ఐవజోవ్‌స్కీ 1850లో గీసిన 'తొమ్మిదో అల' కూడా ఆ దగ్గర్లోనే. దాని ముందు ఎప్పుడూ సెల్ఫీల గుంపు ఉంటుంది, కాస్త ఆగితే ఖాళీ అవుతుంది.

ఇక రేపిన్. విశాలాంధ్ర దుకాణంలో కొన్న ప్రగతి ప్రచురణాలయం పుస్తకాలతో పెరిగిన తరానికి రష్యా అంటే మనసులో ఒక రూపం ఉంటుంది. ఆ మనుషులు ఇక్కడ గోడల మీదున్నారు. 'వోల్గా మీద పడవ లాగేవాళ్ళు' 1870–73 నాటిది. మొత్తం 11 మంది. ఒక్కొక్కరినీ విడిగా చూడండి. అందరికంటే ముందున్నవాడు కానిన్ అనే ఒకప్పటి మతగురువు, పదవి పోయి తాడు భుజానికెత్తుకున్నాడు. మధ్యలో ఒక కుర్రాడు ఒక్కడే నడుం నిటారుగా చేసి పట్టీ సర్దుకుంటున్నాడు. ఆకాశం నీళ్ళను తాకే చోట చిన్న ఆవిరి పడవ పొగ కనబడుతుంది. యంత్రం వచ్చేసింది, మనుషులు ఇంకా లాగుతూనే ఉన్నారు. టర్కీ సుల్తానుకు తిట్ల ఉత్తరం రాస్తూ పగలబడి నవ్వే కొసాక్కుల (సరిహద్దు యోధుల) చిత్రం కూడా ఆయనదే, 1891లో ముగించాడు. అందులో నవ్వు ఎన్ని రకాలో లెక్కపెట్టండి, పిల్లలు వెంట ఉంటే ఇది మంచి ఆట.

రేపిన్ 'రాజ్య మండలి సమావేశం' దాదాపు 9 మీటర్ల వెడల్పు. 1903లో పూర్తయింది. పదవుల్లో ఉన్న ముసలివాళ్ళు ఎనభై మందికి పైగా ఎర్ర కుర్చీల్లో కూర్చుని ఉంటారు. కుడిచేయి నొప్పెట్టడంతో అప్పటికి ఆయన ఎడమచేత్తో కుంచె పట్టడం మొదలుపెట్టాడు, ఇద్దరు శిష్యుల సాయం కూడా తీసుకున్నాడు. అసలు చిత్రం కంటే దానికోసం ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి గీసిన చిత్తు చిత్రాలే నాకిష్టం. నాలుగు గీతల్లో మనిషి అహంకారం పట్టేశాడు. అవి కూడా దగ్గర్లోనే ఉంటాయి, దాటిపోకండి.

కుయింజీ 'ద్నీపర్ మీద వెన్నెల రాత్రి' దగ్గర నిరాశ పడొద్దు. 1880లో దీన్నొక్కదాన్నే చీకటి గదిలో దీపం వెలుతురులో ప్రదర్శిస్తే జనం బారులు తీరారు. చిత్రం వెనక దీపం దాచారేమోనని కొందరు వెనక్కి వెళ్ళి చూశారట. ఆయన వాడిన తారు కలిసిన రంగులు కాలంతో నల్లబడ్డాయి. అయినా చంద్రుడు మాత్రం ఇంకా వెలుగుతున్నాడు. కాస్త పక్కకు నిలబడి, కళ్ళు అలవాటుపడేదాకా చూడండి.

ఇక్కడిదాకా చూసి కేఫ్‌లో టీ తాగండి. తర్వాత లోపలి దారిలోనే బెన్వా భాగానికి వెళ్ళొచ్చు. ఇరవయ్యో శతాబ్దపు చిత్రాలు అక్కడుంటాయి: సెరోవ్ గీసిన ఇదా రూబిన్‌స్టైన్, ఆల్ట్‌మన్ గీసిన కవయిత్రి అఖ్మాతోవా, షగాల్ 'షికారు', మాలెవిచ్ నల్ల ఆకారాలు. మరమ్మతుల వల్లా, వేరే ఊళ్ళలో ప్రదర్శనల వల్లా కొన్ని గదులు మూసి ఉండొచ్చు, కొన్ని చిత్రాలు గోడ మీద లేకపోవచ్చు. ఒకే చిత్రం కోసం వెళ్తుంటే ముందే కనుక్కోండి.

నికొలాయ్ రోరిక్ చిత్రాలు కనిపిస్తే ఆగండి. ఈ నగరంలో 1874లో పుట్టినవాడు, హిమాలయాల్లో కుళూ లోయలోని నగ్గర్‌లో 1947లో కన్నుమూశాడు. ఆయన కొడుకు స్వెతోస్లావ్ పెళ్ళాడింది తొలితరం సినిమా తార దేవికా రాణిని. ఆమె పుట్టింది మన వాల్తేరులో. ఈ మ్యూజియంలో ఉన్న 'ద్నీపర్ మీద స్లావులు' ఆయన హిమాలయాలు చూడకముందు, 1905లో గీసింది.

హెర్మిటేజ్

దగ్గరి మెట్రో అద్మిరల్తేయ్‌స్కయా. నగరంలో అన్నిటికంటే లోతైన స్టేషన్, 86 మీటర్లు. ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడండి, ఎడమవైపు పరుగెత్తేవాళ్ళది.

1764లో బెర్లిన్ వ్యాపారి గొట్స్‌కోవ్‌స్కీ దగ్గర రష్యా రాణి రెండో కేథరిన్ కొన్న చిత్రాలతో ఈ సేకరణ మొదలైంది. ఇప్పుడు 30 లక్షలకు పైగా వస్తువులున్నాయి. అన్నీ చూద్దామనే ఆశ గుమ్మం దగ్గరే వదిలేయండి. ఐదు చోట్లు ఎంచుకుని, వాటి గది నంబర్లు మ్యాపులో చుట్టేసుకుని, మధ్యలో వచ్చేవాటిని నడుస్తూనే చూడండి.

నా ఐదు ఇవి. జోర్డాన్ మెట్లు ఎలాగూ దారిలోనే ఉంటాయి, వాటిని లెక్కలో వేయను. మొదట పెవిలియన్ హాల్లో నెమలి గడియారం. లండన్‌లో జేమ్స్ కాక్స్ చేసింది. నెమలి తోక విప్పే ప్రదర్శన ఏ రోజు ఏ వేళకో ముందే కనుక్కోండి, మిగతా సమయాల్లో పక్కన తెర మీద చూపిస్తారు. అక్కడినుంచి లియొనార్డో గది, 214. రెండు చిన్న మడోన్నాలు, అంటే బిడ్డతో ఉన్న మేరీమాత చిత్రాలు. గైడ్లు గుంపులతో వస్తారు, నాలుగు మాటలు చెప్పి కదిలిపోతారు. ఒక గుంపుకీ ఇంకో గుంపుకీ మధ్య మీ వంతు. చాలామంది 'లిత్తా మడోన్నా' కోసం వస్తారు గానీ 'బెన్వా మడోన్నా'లో పువ్వు చూపించి బిడ్డతో ఆడుతున్న ఆ చిన్న వయసు తల్లి నవ్వు ముందు అది వెలవెలబోతుంది. మూడోది వాటికన్‌లోని రఫాయెల్ లాజియాలకు కేథరిన్ చేయించిన నకలు, పొడవాటి నడవ. ఇక్కడ మెడ ఎత్తి చూసి నడిచిపోవడమే.

నాలుగోది రెంబ్రాంట్, 254. సాయంత్రం ఇక్కడే ఖర్చుపెట్టండి. 'తప్పిపోయిన కుమారుడి రాక' మనిషికంటే ఎత్తైన చిత్రం. కొడుకు గుండు తల, ఊడిపోయిన ఎడమకాలి చెప్పు, అరిగిన పాదం చూడండి. తండ్రి ముఖానికి తర్వాత వెళ్ళండి. కిటికీ వెలుతురు పడి మెరుస్తుంటే పక్కకు జరిగి చూడండి. అక్కడున్న 'దనాయె' అనే చిత్రం మీద 1985లో ఒకడు కత్తి దింపి యాసిడ్ పోశాడు. బాగుచేయడానికి 12 ఏళ్ళు పట్టింది, ఇప్పుడు గాజు వెనక ఉంది.

ఈ గదుల్లోనే గుర్తుంచుకోవలసిన ఇంకో సంగతి ఉంది. 1941లో జర్మన్ సైన్యం వస్తుంటే పది లక్షలకు పైగా వస్తువుల్ని రెండు రైళ్ళలో దూరంగా ఉరల్ కొండల దగ్గరున్న స్వెర్ద్లోవ్‌స్క్‌కు తరలించారు. మూడో రైలు బయల్దేరేలోపే నగరం ముట్టడిలో చిక్కుకుంది. చిత్రాలు తీసేసి చట్రాలు మాత్రం గోడల మీదే ఉంచారు, తిరిగొచ్చాక ఏది ఎక్కడిదో తెలియడానికి. ఆ ఆకలి రోజుల్లో సాయం చేయడానికొచ్చిన సైనికులకు మ్యూజియం గైడ్ ఒకాయన ఖాళీ చట్రాల ముందు నిలబడి, ఏ చిత్రంలో ఏముండేదో వర్ణించి చెప్పాడు. మ్యూజియం తిరిగి తెరుచుకున్నది 1945 నవంబరులో.

ఐదోది పిల్లల కోసం, కింద ఈజిప్టు గది, మమ్మీ. నేలమాళిగల్లో ఎలుకల కోసం పెంచే పిల్లులు డజన్ల కొద్దీ ఉన్నాయి. ఇది పద్దెనిమిదో శతాబ్దం నుంచీ వస్తున్న ఆచారం. సందర్శకులను అక్కడికి పంపరు, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

జనరల్ స్టాఫ్ భవనం

ప్యాలెస్ కూడలికి అవతలి వైపు, అర్ధచంద్రంలా వంగిన భవనం ఇదే. చాలామంది అది ఆఫీసనుకుని వెళ్ళిపోతారు. టికెట్ కొనేటప్పుడు అది ఏ భవనానికి చెల్లుతుందో చూసుకోండి. తిన్నగా నాలుగో అంతస్తుకు పోండి: మోనే, సెజాన్, గొగాన్, వాన్ గో, పికాసో, మాటిస్. ఇవి ఎక్కువగా మాస్కో వ్యాపారులు సెర్గేయ్ షూకిన్, ఇవాన్ మొరోజోవ్ కొన్నవి. 1918లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1948లో మాస్కోకూ లెనిన్‌గ్రాడ్‌కూ (ఈ నగరం అప్పటి పేరు) పంచింది.

మాటిస్ 'నాట్యం', 'సంగీతం' రెండూ షూకిన్ తన ఇంటి మెట్ల దగ్గర పెట్టుకోవడానికి చేయించుకున్నవే. పారిస్‌లో జనం వాటిని ఎగతాళి చేస్తే జంకి వద్దన్నాడు, తర్వాత మనసు మార్చుకుని పంపమన్నాడు. ఎదురుగా బెంచీ ఉంటే కూర్చోండి. ఎర్రటి మనుషుల వలయంలో ముందువైపు రెండు చేతులు కలుసుకోలేదు, చూశారా? రెండు గంటలు చాలు ఇక్కడ. నిజం చెప్పాలంటే ప్రధాన భవనాల కంటే ఇదే హాయిగా ఉంటుంది, జనం సగం కూడా ఉండరు.

ఇంకా ఓపికుంటే ఫొంతాంకా నది ఒడ్డున ఫబెర్జే మ్యూజియం. రాజకుటుంబం కోసం ఫబెర్జే అనే నగల కంపెనీ చేసిన ఈస్టర్ గుడ్లు తొమ్మిది ఉన్నాయి, 1885 నాటి మొట్టమొదటిది కూడా. గంటన్నరలో అయిపోతుంది. నగలు మీకు ఇష్టం లేకపోతే మానేయొచ్చు.

తిండి

శాకాహారులు "బెజ్ మ్యాసా", అంటే మాంసం లేకుండా, అనే మాట నేర్చుకోండి. బీట్‌రూట్ సూప్ బోర్ష్‌లో ముక్కలు కనబడకపోయినా నీళ్ళు మాంసం ఉడికించినవే కావచ్చు, అడిగి తినండి. 'స్తలోవయా' అనే క్యాంటీన్లలో వండినవి ఎదురుగా పెట్టి ఉంటాయి, వేలు చూపిస్తే వడ్డిస్తారు. బక్‌వీట్ గింజల అన్నం, పుట్టగొడుగులు, బంగాళదుంపల ముద్ద, క్యాబేజీ కూరిన బన్నుల్లాంటి పిరష్కీలు దొరుకుతాయి. రష్యన్ మ్యూజియం నుంచి హెర్మిటేజ్ వైపు నడిచే దారిలో బల్షాయా కన్యూషెన్నయా వీధిలో సోవియట్ కాలం నాటి పీష్కీల అంగడి ఉంది. గారెలా చిల్లుపెట్టి నూనెలో వేయించి పంచదార పొడి చల్లి ఇస్తారు. వేడివేడిగా తినాలి, పొట్లం కట్టించుకుంటే గట్టిపడిపోతాయి.

ఆదివారం: రేపిన్ ఇల్లు

ఫిన్లాండ్ స్టేషన్ నుంచి లోకల్ రైలెక్కి రేపినో స్టేషన్‌లో దిగాలి. ముప్పావు గంట పడుతుంది. అక్కడినుంచి చెట్ల మధ్య అరగంట నడక. సోమ, మంగళవారాల్లో పోకండి. రేపిన్ 1930లో చనిపోయేదాకా ఉన్న ఇల్లు ఇది, పేరు 'పెనాతీ'. అప్పట్లో ఈ ఊరు కుయొక్కల, 1917 తర్వాత ఫిన్లాండ్‌లో ఉండేది. యుద్ధంలో 1944లో ఇల్లు కాలిపోయింది, మళ్ళీ పాత పద్ధతిలోనే కట్టి 1962లో తెరిచారు. ఆయన సమాధి తోటలోనే ఉంది, మట్టి దిబ్బ మీద చెక్క శిలువ.

మనవాళ్ళకు బాగా నచ్చేది భోజనాల గది. రేపిన్, ఆయన సహచరి నార్డ్‌మన్ శాకాహారులు. గుండ్రటి బల్ల మధ్య భాగం తిరుగుతుంది, ఎవరికి కావలసింది వాళ్ళే తిప్పి వడ్డించుకోవాలి. పనివాళ్ళ చేత వడ్డించుకోవడం నిషిద్ధం. ఎవరైనా పక్కవాడికి సాయం చేస్తే శిక్షగా మూలనున్న వేదిక ఎక్కి ఉపన్యాసమివ్వాలి. బుధవారాల్లో అతిథులు వచ్చేవారు. ఇల్లు చిన్నది, ఒకేసారి ఎక్కువమందిని వదలరు, అందుకని పొద్దున్నే చేరుకోండి. తిరుగు రైలు వేళలు దిగిన వెంటనే స్టేషన్ బోర్డు మీద ఫొటో తీసి పెట్టుకోండి, మధ్యాహ్నం పూట రైళ్ళ మధ్య ఖాళీ ఎక్కువగా ఉండొచ్చు.